జైమో రెండో డ్రమ్మర్ కాదు, ఆల్మన్ బ్రదర్స్ బ్యాండ్‌లో మొదటి మనిషి

కడప_డ్రమ్స్:
పక్క టాపిక్‌లో సదరన్ రాక్ (అమెరికా దక్షిణాది రాక్) డ్రమ్మర్ల లిస్టు వేస్తూ ఎవరో ఆల్మన్ బ్రదర్స్ దగ్గరికి వచ్చేసరికి "బుచ్ ట్రక్స్, ఇంకా వాళ్ళ రెండో డ్రమ్మర్" అని రాసి వదిలేశారు, కనీసం పేరు కూడా లేదు. అది చూశాక ఊరుకోలేక ఈ టాపిక్ తెరిచా. ఆ మనిషి పేరు జైమో. అసలు పేరు జానీ లీ జాన్సన్, తర్వాత జై జోహానీ జోహాన్సన్ అని పెట్టుకున్నాడు, అందరూ పిలిచేది మాత్రం జైమో అనే. 1944 జులై 8న మిసిసిపీలో ఓషన్ స్ప్రింగ్స్‌లో పుట్టాడు, పెరిగింది ఆ పక్కనే ఉన్న గల్ఫ్‌పోర్ట్‌లో. జాజ్ అంటే ప్రాణం, మాక్స్ రోచ్, ఎల్విన్ జోన్స్ రికార్డులు వింటూ చేతులు తిప్పుకున్నవాడు. కానీ పూట గడవాలంటే సోల్, ఆర్ అండ్ బీ బ్యాండ్లే దిక్కు. 1966లో ఓటిస్ రెడింగ్ టూరింగ్ బ్యాండ్‌లో వాయించాడు, ఆ తర్వాత పెర్సీ స్లెడ్జ్, జో టెక్స్ లాంటి వాళ్ళ వెనక ఊరూరా తిరిగాడు. ముందు నిలబడి పాడేవాడికే పేరూ డబ్బూ, వెనక వాయించేవాడికి దక్కేది అంతంతమాత్రం. చివరికి విసిగిపోయి, ఎలాగూ పస్తులు తప్పనప్పుడు నాకు నచ్చింది వాయించుకుంటూ పస్తులుంటా అని న్యూయార్క్ పోయి జాజ్‌లో పడదామనుకున్నాడు. ఆ టైంలోనే ఒక ఫ్రెండ్ చెప్పాడు, అలబామాలో మసుల్ షోల్స్ దగ్గర ఒక బక్క తెల్ల కుర్రాడు గిటార్ మామూలుగా వాయించట్లేదు, ఒకసారి వెళ్ళి విను అని. ఆ కుర్రాడు డ్వేన్ ఆల్మన్. అప్పటికి ఫేమ్ స్టూడియోలో సెషన్స్ (వేరేవాళ్ళ రికార్డింగులకి) వాయిస్తూ సొంత బ్యాండ్ కోసం చూస్తున్నాడు. జైమో డ్రమ్స్ తీసుకుని అక్కడికే పోయాడు. సెషన్ల మధ్య ఖాళీ దొరికితే చాలు ఇద్దరే కూర్చుని వాయించేవాళ్ళు, తర్వాత బెరీ ఓక్లీ బాస్‌తో వచ్చి కలిశాడు.

లెక్క చూసుకోండి. డ్వేన్ తర్వాత ఈ బ్యాండ్‌లోకి వచ్చిన మొదటి మనిషి జైమో. డ్వేన్ సొంత తమ్ముడు గ్రెగ్ లాస్ ఏంజెలిస్ నుంచి వచ్చి చేరింది అందరికంటే ఆఖర్న, 1969 మార్చిలో. మరి జైమో రెండో డ్రమ్మర్ ఎలా అవుతాడు?

కొత్తగా_వచ్చా:
అన్నా నాకు సదరన్ రాక్ అంటే ఆ ఒక్క అలబామా పాటే తెలుసు, అది వీళ్ళదేనా? ఇంకోటి, ఒకే బ్యాండ్‌లో ఇద్దరు డ్రమ్మర్లు ఎందుకు, ఒకళ్ళు సరిపోరా?

కడప_డ్రమ్స్:
తమ్ముడూ నువ్వు చెప్పేది లినర్డ్ స్కినర్డ్ వాళ్ళది, వాళ్ళదీ జాక్సన్‌విల్లే, ఫ్లోరిడా. ఆల్మన్ వాళ్ళ బ్యాండ్ పుట్టింది కూడా ఆ ఊళ్ళోనే 1969 మార్చిలో, తర్వాత జార్జియాలో మేకన్‌కి మారిపోయారు, ఎందుకంటే వాళ్ళ మేనేజర్ ఫిల్ వాల్డెన్ ఉండేది అక్కడ, వాళ్ళ రికార్డ్ కంపెనీ కాప్రికార్న్ రికార్డ్స్ కూడా అక్కడే. ఆ వాల్డెనే అంతకుముందు ఓటిస్ రెడింగ్ మేనేజర్. అంటే జైమోకి ఆ ఊరూ ఆ మనుషులూ అప్పటికే తెలుసు.

ఇద్దరు డ్రమ్మర్ల సంగతి. డ్వేన్‌కి మొదట్నుంచీ ఆ ఐడియా ఉంది, జేమ్స్ బ్రౌన్ దగ్గర ఇద్దరు ఉన్నారుగా, మనకీ ఇద్దరుంటారు అనేవాడు. జైమోని కార్లో ఎక్కించుకుని జాక్సన్‌విల్ వచ్చాక తిన్నగా బుచ్ ట్రక్స్ ఇంటికి తీసుకెళ్ళాడు. ఇక్కడ ఒక విషయం మనం పట్టించుకోవాలి. బుచ్ పెరిగింది మతం, కట్టుబాట్లు గట్టిగా ఉన్న తెల్లవాళ్ళ ఇంట్లో, ఒక నల్లవాడితో మనసు విప్పి మాట్లాడ్డం తన జీవితంలో అదే మొదటిసారి అని బుచ్ తర్వాత చాలా ఇంటర్వ్యూల్లో చెప్పాడు. డ్వేన్ వీళ్ళిద్దర్నీ కలిపేసి తన దారిన తను పోయాడు, జైమో అక్కడే ఉండిపోయాడు. 1969లో, డీప్ సౌత్‌లో, ఒక ఇంట్లో ఒక నల్ల డ్రమ్మరూ ఒక తెల్ల డ్రమ్మరూ. వాళ్ళిద్దరూ ఆ తర్వాత దశాబ్దాల పాటు పక్కపక్కన కూర్చుని వాయించారు.

వైజాగ్_బాస్:
కడప అన్నా మంచి టాపిక్ తెరిచావ్. నేను బాస్ వాయిస్తా కాబట్టి బెరీ ఓక్లీ గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఆ ఇద్దరు డ్రమ్మర్ల మధ్య బాస్ వాయించడం అంటే తమాషా కాదు, ఎవర్ని పట్టుకోవాలో తెలీదు, ఒకడు నిలకడగా కొడుతుంటే ఇంకోడు సింబల్ మీద ఎటో పోతుంటాడు, మామూలు బాసిస్ట్ అయితే రూట్ నోట్ పట్టుకుని బతుకుజీవుడా అని నిలబడతాడు, బెరీ అలా కాదు మూడో గిటార్ లాగా లీడ్ వాయించేవాడు. "విప్పింగ్ పోస్ట్" మొదలయ్యేది ఆయన బాస్‌తోనే. మొదటిసారి వింటే కాలు తడబడుతుంది. కారణం ఏంటంటే అది 11 దెబ్బల లెక్క. మూడు, మూడు, మూడు, రెండు. ఆ రెండు దగ్గర ఒక దెబ్బ తక్కువయ్యి పాట ముందుకి దూకినట్టు ఉంటుంది. పాట రాసిన గ్రెగ్‌కి అది పదకొండు అని తెలీనే తెలీదు. జాక్సన్‌విల్‌లో అర్ధరాత్రి పాట తట్టింది, చీకట్లో కాయితం దొరకలేదు, అగ్గిపుల్లలు గీసి ఆర్పి ఆ బొగ్గుతో ఇస్త్రీ బల్ల గుడ్డ మీద రాసుకున్నాడు. పొద్దున వినిపిస్తే డ్వేన్ చెప్పాడు ఇది పదకొండులో ఉందిరా అని.

మృదంగం_మాస్టారు:
మా అబ్బాయి పంపిస్తే ఈ చర్చ చదివాను. పాట ఇప్పుడే విన్నాను. వైజాగ్ బాబు చెప్పిన లెక్క కరెక్టే, నోటితో చెప్పుకుంటే తకిట తకిట తకిట తక. మన 35 తాళాల్లో మిశ్రజాతి త్రిపుట ఏడు, రెండు, రెండు, మొత్తం 11 అక్షరాలే. సంకీర్ణజాతి రూపకం రెండు, తొమ్మిది, అదీ 11. కానీ ఈ పాటలో విరుపు వేరు, ముమ్మూడు తొమ్మిది అయ్యాక చివర తక పడ్డంతో మళ్ళీ సమం మీదకి తోసినట్టు వస్తుంది, అందుకే ఆ ఊపు. నన్ను ఇంకా ఎక్కువ ఆకట్టుకుంది ఆ ఇద్దరి వరస. ఒకరు లయ పట్టుకుని కదలకుండా ఉన్నారు, ఇంకొకరు పాటని వింటూ పాటతో పాటు నడుస్తున్నారు. కచేరీలో పాటకి అనుసరించి వాయించడం అంటే మేము పిల్లలకి ఏళ్ళ తరబడి నేర్పేది అదే. ఆ రెండో ఆయన జైమో గారేనా?

కడప_డ్రమ్స్:
అవును మాస్టారూ ఆయనే. మీరు ఒక్కసారి వినే పట్టేశారు.

వినైల్_పిచ్చి:
అందరూ జైమో జైమో అంటున్నారు కానీ నేను బుచ్ తరఫున మాట్లాడతా. ఆ బ్యాండ్‌ని లాగింది బుచ్. లోడు వేసిన గూడ్స్ బండి లాగా ఒకసారి కదిలితే ఇంక ఆగడు, అరగంట జామ్‌లో కూడా టెంపో జారదు. జైమో రంగులు అద్దగలిగాడంటే కింద బుచ్ వేసిన నేల గట్టిగా ఉంది కాబట్టి. ఇంకా బుచ్ టింపనీ (పెద్ద గిన్నెల్లాంటి డ్రమ్స్) కూడా నేర్చుకున్నవాడు, స్టేజి మీద టింపనీ పెట్టుకుని వాయించేవాడు. అలాంటోణ్ణి తక్కువ చెయ్యడం నాకు నచ్చలేదు.

కడప_డ్రమ్స్:
నేను బుచ్‌ని తక్కువ చెయ్యలేదు బ్రో. బుచ్ అలా మారిన రోజు గురించి ఆయనే చెప్పిన కథ ఉంది, అది తెలిస్తే నువ్వు ఇంకా ఇష్టపడతావు. జాక్సన్‌విల్‌లో మొదట్లో ఒక జామ్, షఫుల్ వాయిస్తున్నారు, అది ఎటూ పోవట్లేదు, బుచ్‌కి తన మీద తనకి నమ్మకం తక్కువ, భయపడుతూ వెనక్కి తగ్గి వాయిస్తున్నాడు. డ్వేన్ గిర్రున తిరిగి బుచ్ మొహంలోకి సూటిగా చూస్తూ గిటార్ మీద ఒక లిక్ (చిన్న స్వరాల ముక్క) విసిరాడు, దమ్ముంటే రా అన్నట్టు. బుచ్ ఇంకా తగ్గాడు. డ్వేన్ మళ్ళీ అదే పని చేశాడు. ఇంకోసారి చేసేసరికి బుచ్‌కి కోపం నషాళానికి అంటింది, డ్వేన్‌నే కొడుతున్నట్టు డ్రమ్స్ కొట్టడం మొదలెట్టాడు, భయం సంగతి మర్చిపోయాడు. జామ్ ఒక్కసారిగా లేచింది. డ్వేన్ వెనక్కి జరిగి నవ్వి, అదీ అన్నట్టు వేలు చూపించాడు. అప్పట్నుంచి వెనక్కి తగ్గడం అనేది లేదని బుచ్ చెప్పేవాడు.

ఇంకో విషయం, నువ్వు ఇది వాయించు నేను అది వాయిస్తా అని ఈ ఇద్దరూ కూర్చుని పంచుకున్నది లేదు. ఒకరి పక్కన ఒకరు కూర్చుని ఒకర్నొకరు వినడమే. ఇద్దరు డ్రమ్మర్లున్న బ్యాండ్లు చాలా చోట్ల బురదగా వినిపించేది అందుకే, ఇద్దరూ స్నేర్ మీద ఒకే చోట కొడతారు. వీళ్ళ దగ్గర ఆ గోల లేదు.

అట్లాంటా_బాబాయ్:
నేను ఉండేది ఆల్ఫారెట్టాలో, మన తెలుగువాళ్ళు చాలామంది ఇక్కడే కమింగ్, జాన్స్‌క్రీక్ చుట్టుపక్కల ఉంటారు. మేకన్ ఇక్కడికి దగ్గరే, కిందకి డ్రైవ్ చేసుకుంటూ పోవడమే. వైన్‌విల్ ఎవెన్యూలో వాళ్ళు 1970 నుంచి మూడేళ్ళు అద్దెకున్న బిగ్ హౌస్ ఇప్పుడు మ్యూజియం. మా పిల్లల్ని తీసుకెళ్ళా. గిటార్ల దగ్గర జనం గుమిగూడి ఉంటారు, ఆ ఇంట్లో బ్యాండ్ వాళ్ళు, భార్యలు, పిల్లలు, రోడీలు (టూర్‌లో సామాన్లు మోసి సర్దేవాళ్ళు) అందరూ ఒకే కప్పు కింద బతికారని చూసినప్పుడు నాకు మన ఉమ్మడి కుటుంబాలే గుర్తొచ్చాయి.

మేకన్‌లో ఇంకో చోటు ఉంది, హెచ్ అండ్ హెచ్ అనే హోటల్. ఐనెజ్ హిల్, లూయీజ్ హడ్సన్ అని ఇద్దరు నల్లజాతి ఆడవాళ్ళు నడిపేవాళ్ళు. 1969లో ఈ జులపాల కుర్రాళ్ళు జేబులో పైసా లేక వచ్చి, రెండు ప్లేట్లు తీసుకుని అందరూ పంచుకుని తినేవాళ్ళంట. లూయీజ్ గారు చూసి ఎవరి ప్లేట్ వాళ్ళకి పెట్టించింది, డబ్బులు అడగలేదు. ఆ ఊళ్ళో ఆ రోజుల్లో నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ కలిసి ఒక బల్ల దగ్గర కూర్చోవడమే పెద్ద విషయం, దానికి తోడు భుజాల దాకా జుట్టు. అందరూ ఆవిణ్ణి మామా లూయీజ్ అనేవాళ్ళు. పేరొచ్చాక 1972లో ఆవిణ్ణి టూర్‌కి తమతో తీసుకెళ్ళారు. అన్నం పెట్టిన చేతిని మర్చిపోలేదు, అందుకే వాళ్ళంటే నాకు గౌరవం.

కొత్తగా_వచ్చా:
బాబాయ్ గారూ చదువుతుంటే ఒళ్ళు పులకరించింది. ఎక్కడ మొదలెట్టాలో చెప్పండి ఎవరైనా.

వినైల్_పిచ్చి:
ఆలోచించక్కర్లేదు, 1971 మార్చి 12, 13 తేదీల్లో న్యూయార్క్ ఫిల్‌మోర్ ఈస్ట్‌లో రికార్డ్ చేసిన లైవ్ ఆల్బమ్. కచేరీలు పెట్టించే బిల్ గ్రాహమ్ హాల్ అది. స్టూడియో ఆల్బమ్స్ రెండూ పెద్దగా అమ్ముడుపోలేదు, కానీ స్టేజి ఎక్కితే వీళ్ళకి తిరుగులేదు, 1970లో ఒక్క ఏడాదే 300కి పైగా షోలు వాయించారు, వ్యాన్‌లో పడుకుని వ్యాన్‌లో లేచి. సో లైవ్‌గానే రికార్డ్ చేద్దాం అని నిర్మాత టామ్ డౌడ్‌ని పిలిచారు. మొదటి రాత్రి స్టేజి మీదకి సాక్సఫోన్ వాళ్ళు కూడా ఎక్కేసరికి డౌడ్ కంగారుపడి, వాళ్ళు వద్దు, రికార్డ్ పాడైపోతుంది అని తీయించేశాడు. రోజూ షో అయ్యాక డ్వేన్ వాళ్ళూ డౌడూ కూర్చుని టేపులు వినేవాళ్ళు, ఏ పాట బాగా వచ్చింది, ఏది రేపు మళ్ళీ వాయించాలి అని. జులైలో డబుల్ ఎల్‌పీగా వచ్చింది, మొత్తం ఏడే ట్రాకులు, "విప్పింగ్ పోస్ట్" ఒక్కటే నాలుగో సైడ్ మొత్తం, 23 నిమిషాలు. 2004లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళు భద్రపరిచే రికార్డింగుల్లో దీన్ని చేర్చారు. మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విను, రెండు డ్రమ్ కిట్లూ వేరువేరుగా వినపడతాయి.

కొత్తగా_వచ్చా:
థాంక్స్ అన్నా. డ్వేన్ ఆల్మన్ తర్వాత ఏమయ్యాడు?

వైజాగ్_బాస్:
అదే సంవత్సరం పోయాడు తమ్ముడూ. ఆల్బమ్ అమ్మకాల్లో గోల్డ్ అయిన నాలుగు రోజులకే, 1971 అక్టోబర్ 29, మేకన్‌లో మోటార్ సైకిల్ మీద పోతుంటే ట్రక్కు. 24 ఏళ్ళు. ఏడాది తిరిగి రెండు వారాలు కూడా కాలేదు, 1972 నవంబర్ 11న బెరీ ఓక్లీ కూడా మోటార్ సైకిల్ మీదే, ఈసారి బస్సు. డ్వేన్ పడిన చోటికి మూడు వీధుల అవతల. ఆయనకీ 24. నేను బాస్ మొదలెట్టిందే ఆయన్ని విని, ఆ తేదీ వస్తే ఇప్పటికీ ఆ రోజు వేరే పాటలు పెట్టను.

కడప_డ్రమ్స్:
అంత జరిగినా వాళ్ళు ఆగలేదు, అక్కడే జైమో పాత్ర జనానికి తెలీదు. బెరీ పోయాక కొత్త బాసిస్ట్‌గా వచ్చిన లమార్ విలియమ్స్ ఎవరనుకున్నారు, గల్ఫ్‌పోర్ట్‌లో జైమో చిన్ననాటి స్నేహితుడు. వియత్నాం యుద్ధానికి వెళ్ళొచ్చిన మనిషి. 1973 ఆల్బమ్‌లో వినండి ఆయన్ని, పియానో మీద చక్ లెవెల్. ఆ సంవత్సరమే జులై 28న న్యూయార్క్ రాష్ట్రంలో వాట్కిన్స్ గ్లెన్‌లో గ్రేట్‌ఫుల్ డెడ్, ది బ్యాండ్‌తో కలిసి షో, 6 లక్షల మంది వచ్చారని అంచనా. హోటల్లో ప్లేట్లు పంచుకుని తిన్నవాళ్ళు నాలుగేళ్ళలో అక్కడ నిలబడ్డారు. లమార్ మాత్రం 1983లో ముప్పై నాలుగేళ్ళకే కేన్సర్‌తో పోయాడు, వియత్నాంలో చల్లిన ఏజెంట్ ఆరెంజ్ వల్లే అంటారు.

మృదంగం_మాస్టారు:
అయ్యో. చిన్న వయసు.

వినైల్_పిచ్చి:
ఇక్కడిదాకా నేను మీతోనే ఉన్నా, కానీ 1973 తర్వాతది కూడా దాచకుండా చెప్పుకోవాలి. డబ్బు, డ్రగ్స్, అహంకారం, ఎవరి లిమోజిన్ వాళ్ళది. 1976లో డ్రగ్స్ కేసులో గ్రెగ్ కోర్టుకెళ్ళి తమ దగ్గర పనిచేసిన స్కూటర్ హెరింగ్‌కి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాడు, ఆయనకి 75 ఏళ్ళ శిక్ష పడింది, తర్వాత తగ్గిందనుకోండి. మిగతావాళ్ళు గ్రెగ్‌తో ఇంక పని చెయ్యం అని తేల్చేశారు, బ్యాండ్ ముక్కలయ్యింది.

కడప_డ్రమ్స్:
అప్పుడు కూడా జైమో ఖాళీగా కూర్చోలేదు. చక్ లెవెల్, లమార్, జైమో ముగ్గురూ అప్పటికే షోలకి ముందు ట్రయోగా వాయిస్తున్నారు, అదే సీ లెవెల్ అనే బ్యాండ్ అయ్యింది, జిమీ నాల్స్ గిటార్. పాట తక్కువ, వాద్యం ఎక్కువ, జాజ్ వాసన గట్టిగా. 1977లో వచ్చిన మొదటి ఆల్బమ్ వినండి, జైమో ఎంత తేలిగ్గా ఉన్నాడో తెలుస్తుంది.

నన్ను బాధపెట్టేది దాని తర్వాతది. 1979లో ఆల్మన్ బ్రదర్స్ మళ్ళీ కలిశారు, మరుసటి ఏడాది 1980లో జైమోని తీసేశారు. తన లావాదేవీలు తన భార్య చూసుకుంటుందని అడగడం దగ్గర గొడవ. ఆ భార్య ఎవరో కాదు, చనిపోయిన బెరీ ఓక్లీ చెల్లెలు. డ్వేన్ చేతులారా మొదట తెచ్చుకున్న మనిషిని డ్వేన్ పేరు మీద ఉన్న బ్యాండ్ బయటికి పంపింది. అది తప్పే, గ్రెగ్ కూడా తర్వాత బాధపడ్డాడు. జైమో లేకుండా 1981లో చేసిన ఆల్బమ్ విని చెప్పండి ఏం మిగిలిందో. 1982కి బ్యాండ్ మళ్ళీ ఆగిపోయింది.

వినైల్_పిచ్చి:
ఆ ఆల్బమ్ విషయంలో నీతో వంద శాతం ఏకీభవిస్తా. పక్కన జైమో లేకుంటే బుచ్ మాత్రం ఏం చెయ్యగలడు, అప్పటి ప్రొడక్షన్ కూడా ఎనభైల సింథసైజర్ గోల.

అట్లాంటా_బాబాయ్:
1989లో మళ్ళీ కలిసినప్పుడు జైమోని పిలిచారు, అది చెప్పండి. గిటార్ మీద వారెన్ హేన్స్ వచ్చాడు, 1991లో మార్క్ కినోనెస్ అని కాంగాలు వాయించే ఆయన చేరి డ్రమ్మర్ల వరస ముగ్గురయ్యింది. 1999లో బుచ్ సోదరుడి కొడుకు డెరెక్ ట్రక్స్ స్లైడ్ గిటార్ పట్టుకుని వచ్చాడు, ఇరవై ఏళ్ళ కుర్రాడు. ఏటా మార్చిలో న్యూయార్క్ బీకన్ థియేటర్‌లో వరసగా షోలు, జనం దానికోసం సెలవులు పెట్టుకుని వెళ్ళేవాళ్ళు. చివరి కచేరీ 2014 అక్టోబర్ 28న బీకన్‌లోనే. అర్ధరాత్రి దాటిపోయింది, అంటే పూర్తయ్యేసరికి అక్టోబర్ 29, డ్వేన్ పోయిన రోజు. 45 ఏళ్ళ బ్యాండ్ అలా ఆగింది.

కొత్తగా_వచ్చా:
ఇప్పుడు ఎవరెవరు ఉన్నారు అన్నా వాళ్ళలో?

కడప_డ్రమ్స్:
2017 జనవరిలో బుచ్ పోయాడు, అదే ఏడాది మే 27న గ్రెగ్. 2024 ఏప్రిల్‌లో గిటారిస్ట్ డికీ బెట్స్. మొదట కలిసిన ఆరుగురిలో మిగిలింది జైమో ఒక్కడే. 2020 మార్చి 10న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో యాభై ఏళ్ళ పండగ చేశారు, కరోనాతో న్యూయార్క్ మూతపడే ముందు రోజుల్లో. బుచ్ కుర్చీలో డెరెక్ తమ్ముడు డ్వేన్ ట్రక్స్ కూర్చున్నాడు, పక్కన డెబ్భై అయిదేళ్ళ జైమో.

వైజాగ్_బాస్:
ఆ షో వీడియో చూశాన్నేను, ఆ కుర్రాడు గట్టిగా వాయిస్తుంటే జైమో ఎక్కువ కొట్టడు, కొట్టాల్సిన చోట రైడ్ సింబల్ మీద రెండు మాటలు చెప్తాడు అంతే, బాస్ మొత్తం అక్కడికే వంగుతుంది.

మృదంగం_మాస్టారు:
ఆయన సొంతంగా ఏమైనా చేశారా నాయనా? పక్కవాద్యంగా ఇంత చేసిన మనిషి, తనే కచేరీ పెడితే ఎలా ఉంటుందో వినాలని ఉంది.

కడప_డ్రమ్స్:
చేశారు మాస్టారూ, జైమోస్ జాజ్ బ్యాండ్ అని. గిటార్, పాట జూనియర్ మ్యాక్. వినండి, మీకు నచ్చుతుంది, లయ ఎక్కడా అరవదు. పైన వినైల్ బ్రో చెప్పాడు చూడండి, ఫిల్‌మోర్‌లో డౌడ్ సాక్సఫోన్ వాళ్ళని తీయించేశాడని, వాళ్ళలో జూసీ కార్టర్ జైమో పాత స్నేహితుడు. జైమో సొంత బ్యాండ్ పెట్టుకున్నాక అందులో హార్న్స్ వాళ్ళు పర్మనెంట్ మెంబర్లు.